పింగాణీ బిళ్ళ

పెట్టె బుధవారం పొద్దున గనిలోంచి పైకి వచ్చింది. ఇద్దరు మనుషులు దాన్ని గోనెసంచిలో మోసుకొచ్చి మరమ్మతు గదిలో బల్ల మీద దించారు. "ఎంక్వైరీ పెట్టె ఇది. సార్ వచ్చినంక చెప్పు" అన్నారు. యమున ఇచ్చిన మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయారు.

పెట్టె ఒక మూల నొక్కుకుపోయింది. మీద బొగ్గుపొడి తడిసి, ఎండి, పెచ్చు కట్టింది. ముందువైపు ఆకుపచ్చ దీపం మాత్రం ఇంకా మినుకుమంటూనే ఉంది. లోపలి బ్యాటరీలో ఇంకా ప్రాణముంది.

మల్లెగుట్ట బొగ్గు బాయిలో పోయిన శుక్రవారం కప్పు కూలింది. మనుషులెవరికీ దెబ్బ తగల్లేదు. బొగ్గు ఎత్తే యంత్రం ఒకటి మాత్రం బండల కింద పడిపోయింది. మనిషి పోయినప్పుడు నింపాదిగా కదిలే ఆఫీసు, యంత్రం పోయేసరికి పరుగు లంకించుకుంది. సోమవారానికల్లా ఆ పనిస్థలానికి బాధ్యుడైన సర్దారు సదయ్యను సస్పెండ్ చేసి ఎంక్వైరీ వేశారు.

సదయ్య మీద ఉన్న సాక్ష్యమల్లా ఈ పెట్టే. గని లోపల కప్పుకు వేలాడుతూ, మనిషి చెవికి అందని బండల చిటపటలను ఇది వింటుంది. అవి ఎక్కువైతే సైరన్ మోగిస్తుంది, మోగించిన సమయాన్ని రాసి పెట్టుకుంటుంది. శుక్రవారం సైరన్ మోగింది పదకొండు గంటల పద్దెనిమిది నిమిషాల యాభై రెండు సెకన్లకని రాసుకుంది. సదయ్య పైకి ఫోన్ చేసి "మనుషుల్ని బయటికి తీస్తున్న, కరెంటు బంజెయ్యిన్రి" అన్నది పంతొమ్మిది నిమిషాల యాభై సెకన్లకని పైనున్న ఫోన్ రికార్డు చెబుతోంది. మధ్యలో యాభై ఎనిమిది సెకన్లు. అంతసేపూ సైరన్ మోగుతున్నా సర్దారు నిలబడి దిక్కులు చూశాడనీ, వెంటనే కదిలి ఉంటే యంత్రం దక్కేదనీ అభియోగం. సైరన్ తను ఫోన్‌లో మాట్లాడుతుండగా మోగిందని సదయ్య అంటున్నాడు. అతనితో ఉన్న కూలీలూ అదే మాట అన్నారు. వాళ్ళు నీ మనుషులే కదా అన్నారు పైవాళ్ళు.

యమునకు ఒక అలవాటుంది. ఏ పెట్టె వచ్చినా తుడవకముందే దాన్ని కంప్యూటరుకు వైరుతో తగిలించి, దాని లోపలి గడియారాన్ని గోడ మీది గడియారంతో పోల్చి చూస్తుంది. గోడ గడియారం మిద్దె మీది యాంటెన్నాతో ఉపగ్రహాల సమయం పట్టుకుంటుంది కాబట్టి దానికి తిరుగులేదు. పైన ఫోన్ రికార్డు నడిచేదీ ఆ సమయంతోనే. గని లోపలికి ఆ సమయం దిగదు. లోపలి పెట్టెల్లో దేని గడియారాన్ని అదే నడుపుకోవాలి.

వైరు తగిలించి చూసింది. తీసి మళ్ళీ తగిలించింది. పెట్టె డెబ్బై రెండు సెకన్లు వెనక ఉంది.

నెలల తరబడి కొంచెం కొంచెంగా వెనకబడి ఉంటుంది కాబట్టి శుక్రవారం నాటికి డెబ్బై ఒకటి వెనక ఉండి ఉంటుంది. యాభై రెండుకు డెబ్బై ఒకటి కలిపి వేళ్ళ మీద రెండుసార్లు లెక్క వేసుకుంది. సైరన్ నిజంగా మోగింది పదకొండూ ఇరవై దాటాక మూడు సెకన్లకు. అంటే సదయ్య ఫోన్ చేసిన పదమూడు సెకన్ల తర్వాత. సదయ్య చెప్పింది అక్షరాలా నిజం.

సంతోషపడాల్సిన మాటే. కానీ యమున అక్కడే స్టూలు మీద కూలబడింది. ఎందుకంటే మే నెలలో ఈ పెట్టెను బాగుచేసింది తనే.

*

కాగితం మీద యమున హెల్పరు. భర్త కిషన్ పోయాక అతని బదులు వచ్చిన నౌకరీ. హెల్పరంటే గది ఊడ్వాలి, చాయ తేవాలి, పనిముట్లు అందించాలి. ఆరేళ్ళుగా ఆ మూడూ చేస్తూ, ఎవరూ చెప్పని నాలుగో పని కూడా చేస్తోంది. గదికి వచ్చే పెట్టెల్లో పదింట తొమ్మిది బాగుపడేది ఆమె చేతిలోనే. పాత మెకానిక్కు భీమశంకరం నేర్పి, రిటైరై రాజమండ్రి వెళ్ళిపోయాడు. కుర్చీ ఖాళీ అయినా పని ఆగలేదు గనక కొత్త మెకానిక్కును ఎవరూ అడగలేదు. రిజిస్టరులో హెల్పరు సంతకం చెల్లదు కాబట్టి పని ఆమెది, సంతకం ఇంజినీరుది. తనకు మెకానిక్ హోదా ఇమ్మని యమున నాలుగుసార్లు అర్జీ పెట్టింది. ఆ పని చేస్తున్నట్టు రుజువు జతపరచలేదని నాలుగుసార్లూ తిప్పి పంపారు.

పెట్టె మూత నాలుగు మరలతో ఉంటుంది. దీపం ఆరకుండా వైర్లు కదలకుండా జాగ్రత్తగా విప్పింది. లోపల అగ్గిపెట్టెంత ఇత్తడి గూడు. అందులో ఉన్న స్ఫటికం కొట్టుకునే లెక్కతోనే గడియారం నడుస్తుంది. దానికి ఎప్పుడూ ఒకే వేడి కావాలి. తగ్గితే లెక్క తప్పుతుంది. అందుకే గూడు కింద చిన్న హీటరు. హీటరుకూ గూడుకూ మధ్య ఒక తెల్లని సెరామిక్ బిళ్ళ ఉంటుంది. అది కరెంటును ఆపేస్తుంది, వేడిని మాత్రం ఇట్టే దాటిస్తుంది.

మేలో ఆ బిళ్ళ పగిలి వచ్చింది. కొత్తది కావాలని మూడుసార్లు రాస్తే స్టాకు లేదన్నారు. పెట్టె జల్దీ కావాలని మాత్రం రోజూ ఫోన్లు. అప్పుడు యమున తుక్కు సామానులోంచి ఒక పాత పింగాణీ ఫ్యూజు ఏరుకొచ్చింది. పగలగొట్టి, సానరాయి మీద నీళ్ళు చల్లుతూ రెండు రోజులు అరగదీసి, పాత బిళ్ళ మందానికి తెచ్చింది. అదీ తెలుపే, ఇదీ తెలుపే. అదీ కరెంటును ఆపుతుంది, ఇదీ ఆపుతుంది. బల్ల మీద మూడు రోజులు నడిపితే గడియారం గోడ గడియారంతో వెంట్రుకవాసి తేడా లేకుండా నడిచింది. "మీరు ఇంజినీరు అవ్వాల్సినవారండీ" అన్నాడు ఇంజినీరు వినీత్ సారు. ఆ మాటతో ఆమె నెల రోజులు బతికింది. ఇంటికి వెళ్తే మాట్లాడే మనిషి లేని వాళ్ళకు అలాంటి మాట ఒక్కటి దొరికితే చాలా రోజులు వస్తుంది.

ఇప్పుడు టాకాలు వేసే సోల్డరింగ్ కడ్డీ వేడి పెట్టి, రేకు డబ్బాలో దాచిన పాత బిళ్ళ ముక్కను తీసింది. ఒక చివర వేళ్ళతో పట్టుకుని, రెండో చివర కడ్డీకి ఆనించింది. చురుక్కుమని వెంటనే వదిలేసింది. తర్వాత, బిళ్ళకు పోగా మిగిలిన ఫ్యూజు ముక్కను అలాగే పట్టుకుంది. ఇరవై దాకా లెక్కపెట్టినా వేలికి వెచ్చదనం కూడా తగల్లేదు.

పింగాణీ వేడిని అంత తేలిగ్గా దాటనివ్వదు. చాయ కప్పులు దాంతోనే చేస్తారు, చంటిపిల్లకైనా తెలుసు. రోజుకు ఇరవై కప్పులు కడిగే తనకు తెలియలేదు. మే నెలలో ఈ గదే ఒక కొలిమి. ఆ వేడిలో ఏ బిళ్ళ పెట్టినా గడియారం నడిచేది. గని లోపల ఫ్యాను గాలి చల్లగా కొడుతుంటే హీటరు తన మానాన తను కాలుతూ ఉంది, గూడు చల్లబడుతూ ఉంది. రోజుకు సెకనులో మూడో వంతు. ఏడు నెలలు.

*

వినీత్ పదింటికి జ్యోతినగర్ నుంచి వచ్చాడు. ముప్పై ఏళ్ళు లేవు, మర్యాదస్తుడు, హెల్పరును కూడా మీరు అంటాడు. యమున చెప్పింది విని, గోడ వైపు చూసి, లేచి వెళ్ళి తలుపు దగ్గరగా వేశాడు.

"ఎవరికైనా చెప్పారా?"

"లేదు సార్. మీకే."

అతను బీరువా తెరిచి ఒక ఫైలు తీశాడు. నెలనెలా ఇంజినీరు గనిలోకి దిగి ఈ గడియారాన్ని సరిచూడాలి. ఏడు నెలలకు ఏడు కాగితాలున్నాయి. ఏడింటి మీదా 'సరిగా ఉన్నది' అని రాసి అతని సంతకం ఉంది. ఏడుసార్లలో ఒక్కసారి కూడా అతను దిగలేదని యమునకు తెలుసు. అతని తలదీపం, బూట్లు తుడిచి పెట్టేది ఆమే. మేలో తుడిచినవి తుడిచినట్టే ఉన్నాయి.

"నా ప్రొబేషను మార్చిదాకా ఉందండీ" అన్నాడు మెల్లగా.

"సదయ్య కాకకు ఇంక ఒక్క ఏడాదే ఉన్నది సార్ సర్వీసు."

"ఆయన్ని డిస్మిస్ చెయ్యరండీ. మహా అయితే ఇంక్రిమెంట్ ఆపుతారు. మీ పేరు ఎక్కడా లేదు. మీకేం కాదు." ఫైలు మూస్తూ, "మీ అర్జీ ఉంది కదా, మెకానిక్ పోస్టుది. ఈసారి నేనే గట్టిగా రాసి పంపిస్తాను" అన్నాడు.

ఆ మాట అంటున్నప్పుడు అతను ఆమె ముఖం వైపు చూడలేదు. పెట్టె వైపే చూశాడు.

"ఇగ దీన్నేం చెయ్యాలె సార్?"

"ఏం చెయ్యొద్దు. గడియారాన్ని నేను ఆపను, మిమ్మల్ని ఆపమనీ చెప్పను. ఎంక్వైరీ శుక్రవారం. బ్యాటరీ ఈలోగా దానంతటదే అయిపోతుంది."

బ్యాటరీ అయిపోతే లోపలి గడియారం సున్నాకు వెళ్ళిపోతుంది. అది ఎంత వెనకబడిందో ఆ తర్వాత ఎవరూ చెప్పలేరు.

*

సదయ్య ఉండేది యమున క్వార్టరుకు మూడు ఇళ్ళ అవతల. సాయంత్రం నల్లా దగ్గర అతని భార్య సారవ్వ బిందె పక్కన పెట్టి యమున చెయ్యి పట్టుకుంది.

"నువ్వా గదిలనే చేస్తవు గద బిడ్డా. ఆ పెట్టె నీ దగ్గరికే వచ్చిందట గద. ఏం చెప్తుందే అది?"

"ఇంక సూడలె అవ్వా" అంది యమున. ఆ అబద్ధం నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో ఆమెకే ఆశ్చర్యమేసింది.

సదయ్య గడప మీద కూర్చుని ఉన్నాడు. డ్యూటీ లేకపోయినా బూట్లు వేసుకునే ఉన్నాడు. "రా బిడ్డా, కూసో" అన్నాడు. ఆమె కూర్చోలేదు, స్తంభానికి ఆనుకుని నిలబడింది.

"ముప్పై మూడేండ్ల సంది బండను కర్రతోని కొట్టి ఇంటున్న. గట్టిగ పలికితె పని చేసుడు, బోలుగ పలికితె ఎనకకు వచ్చుడు. ఆ రోజు బోలుగ పలికింది. గంతే, అందర్ని తీసిన. సైరన్ గియిరన్ ఎవనికి కావాలె?" అతను అరచేతులు చూసుకున్నాడు. "పైసలు ఆపితె ఆపనీ. రేపు పోరగాండ్లు ఏమంటరు? సైరన్ మోగినా సదయ్య నిలవడ్డడు, మమ్ముల సంపేటోడు అంటరు. గడియారం ముందట నేను అబద్ధాలోన్ని అయిన."

"గడియారం గూడ తప్పుతది కాకా" అంది యమున.

"మిషిను ఎట్ల తప్పుతది బిడ్డా?"

ఆమె దగ్గర జవాబు ఉంది. కానీ ఆ గడప మీద, ఆ మనిషి ముందు చెప్పడానికి ధైర్యం చాల్లేదు. అన్నం పొయ్యి మీద ఉందని చెప్పి వచ్చేసింది. పొయ్యి మీద ఏమీ లేదు.

ఇంట్లో రెండు గదులు, ఒక మంచం. కిషన్ నౌకరీ తమ చిన్నకొడుక్కి రావాల్సిందని పెద్దపల్లిలోని అత్తవారింటి వాళ్ళు ఆరేళ్ళుగా మాట్లాడటం లేదు. ఎవరితోనైనా చెప్పుకోవాలనిపించి భీమశంకరానికి ఫోన్ చేసింది. పని నేర్పిన మనిషి, ఏదో ఒక దారి చూపిస్తాడనుకుంది. ఆయన అంతా విన్నాడు.

"పింగాణీ పెట్టావా? అయ్యో పిచ్చితల్లీ. తెల్లగా ఉంటే సరిపోతుందనుకున్నావా?"

"తప్పయింది సార్. ఇప్పుడేం చెయ్యాలె?"

"నేనైతే చెప్పేవాణ్ణి కాదమ్మా" అన్నాడు ఆయన. "నిజం అడిగావు కాబట్టి నిజం చెబుతున్నా. ముప్పై ఏళ్ళ సర్వీసులో నేనూ రెండు మూడు దాచేశాను. సంతకం నీది కానప్పుడు నీకెందుకు? నా మాట విను, పడుకో."

ఫోన్ పెట్టేశాక యమునకు ఇల్లు ఇంకా ఖాళీ అయినట్టనిపించింది. ఆయన కూడా అంతేనని తెలియకుండా ఉంటే బాగుండేది.

*

గురువారం మధ్యాహ్నానికి ఆకుపచ్చ దీపం నారింజ రంగుకు తిరిగింది. యమున గది ఊడ్చింది, కప్పులు కడిగింది, ఇంకో రెండు పెట్టెలు తుడిచింది. ప్రతి పని మధ్యలో దీపం వైపు చూస్తూనే ఉంది. మూడింటికి చీపురు మూలన పెట్టి, దీపాల గదికి వెళ్ళి కార్మికులు నెత్తికి పెట్టుకునే దీపం తాలూకు బ్యాటరీ ఒకటి అడిగి తెచ్చింది. గడియారం ఒక్క క్షణమైనా ఆగకూడదు. పాత బ్యాటరీ తియ్యకుండానే దాని పక్కన కొత్తది కలపాలి. ఎర్ర వైరు, నల్ల వైరు పొర ఒలిచి, ఒకదాని తర్వాత ఒకటి అంటించింది. టాకాలు బాగానే పడ్డాయి. నాలుగు నిమిషాలకు దీపం మళ్ళీ ఆకుపచ్చగా వెలిగింది.

శుక్రవారం పొద్దున వినీత్ లోపలికి వస్తూనే దీపం చూశాడు. పెట్టె పక్కన వేలాడుతున్న బ్యాటరీనీ, రెండు వైర్లనూ చూశాడు. పీకెయ్యాలంటే చెయ్యి చాపితే చాలు. అతను చెయ్యి చాపలేదు. "పెట్టె మీరే తీసుకురండి" అని మాత్రం అని, ఫైలు పట్టుకుని ముందు నడిచాడు.

ఎంక్వైరీ మేనేజరు ఆఫీసు పక్క గదిలో. విచారణాధికారి వేణుమాధవ్ కరీంనగర్ నుంచి వచ్చాడు. నెరిసిన మీసం, మెల్లని మాట. సదయ్య నిలబడే ఉన్నాడు, కూర్చోమన్నా కూర్చోలేదు. యమున పెట్టెను బల్ల చివర పెట్టి, బయటికి వెళ్ళి చాయ తెచ్చింది. హెల్పరుకు ఆ గదిలోకి ప్రవేశం దొరికేది చాయ పళ్ళెంతోనే.

"యాభై ఎనిమిది సెకన్లు, సదయ్యా" అంటున్నాడు వేణుమాధవ్. "పెట్టె రాసింది ఇదీ. దీనికి నువ్వు చెప్పే సమాధానం?"

"నేను చెప్పిందే సార్. మల్ల మల్ల అదే చెప్త."

యమున ఆయన ముందు కప్పు పెట్టింది. పళ్ళెం బల్ల మీద దించింది. "సార్, ఆ గడియారం తప్పు" అంది.

గదిలో అందరూ ఆమె వైపు తిరిగారు.

"నువ్వెవరమ్మా?"

"హెల్పర్ను సార్. గడియారం డెబ్బై సెకన్ల మీద ఎనక ఉన్నది. ఇప్పుడు గూడ నడుస్తనే ఉన్నది. మీ ఫోన్ల టైము పెట్టి సూసుకోన్రి."

ఆయన చూశాడు. వినీత్‌ను కంప్యూటరుకు వైరు తగిలించమన్నాడు. అతను తగిలించాడు. తెర మీద అంకెలు ఒకవైపు, చేతిలో ఫోన్ ఒకవైపు పెట్టుకుని వేణుమాధవ్ రెండు నిమిషాలు పోల్చి చూశాడు.

"ఎందుకు తప్పింది?"

యమున కొంగు ముడి విప్పి రెండు తెల్లని ముక్కలు బల్ల మీద పెట్టింది. "ఇది అసలు బిళ్ళ. ఇది పింగాణీ. సార్, రెండు చేతులతో రెండిట్ని కొసకు పట్టుకోన్రి. రెండో కొస చాయల ముంచున్రి."

ఎంక్వైరీ చెయ్యడానికి వచ్చిన అధికారిని చాయలో రాళ్ళు ముంచమన్న మనిషి అంతకుముందు ఎవరూ ఉండి ఉండరు. ఆయన ముంచాడు. నాలుగైదు సెకన్లలోనే కుడిచేతిలోని ముక్కను సాసరులో పడేసి వేళ్ళు విదిల్చుకున్నాడు. ఎడమచేతిలోది అలాగే పట్టుకుని ఉన్నాడు.

"ఇది కాలలేదే."

"అందుకే సార్. హీటరు వేడి దాంట్లకెల్లి గూడుకు పోతలేదు. లోపట ఉన్నది గదే. మే నెలల నేనే పెట్టిన."

సదయ్య ఆమె వైపు చూశాడు. ఆ చూపు పెట్టె మీద పడి మళ్ళీ ఆమె దగ్గరికే వచ్చింది. యమున అతని వైపు తిరగలేకపోయింది.

వేణుమాధవ్ రిజిస్టరు తిప్పాడు. "మేలో మరమ్మతు చేసింది వినీత్ గారని ఉందిక్కడ. నీ పేరు ఎక్కడా లేదు. ఈ ఇంజినీరు గారిని కాపాడటానికి చెప్పడం లేదు కదా?"

"లోపటి బిళ్ళ తీసి సూడున్రి సార్. ఒక మూలకు ఫ్యూజు మీది నునుపు ఇంక ఉన్నది, అరగలే. దాని మీద సగం అంకె కనవడ్తది. ఆరో ఎనిమిదో."

బిళ్ళ తీశారు. మూలన సగం అంకె ఉంది. అది ఆరా ఎనిమిదా అన్నది ఎవరూ తేల్చలేకపోయారు. ఆయన కళ్ళజోడు తీసి వినీత్ వైపు చూశాడు. వినీత్ గొంతు సవరించుకున్నాడు.

"పని ఆవిడే చేశారు సార్. ఎప్పుడూ ఆవిడే చేస్తారు. నేను సంతకం మాత్రమే."

ఆరేళ్ళలో ఒక ఇంజినీరు ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. తప్పు బయటపడ్డ రోజున అన్నాడు. యమునకు గుండెలో ఒక మంట లేచింది, దాని వెనకే నవ్వు కూడా వచ్చింది. రెండూ అణుచుకుని ఖాళీ కప్పులు పళ్ళెంలో సర్దుకుంది.

*

సస్పెన్షన్ ఎత్తేశాక సదయ్య తర్వాతి బుధవారం డ్యూటీ ఎక్కాడు. గని ముఖద్వారం దగ్గర ఆమె కనబడితే ఆగాడు.

"సారవ్వకు నీ మీద కోపమున్నది. ఆ పొద్దు నల్లా కాడ తెలిసి గూడ చెప్పలేదని."

"నిజమే కాకా."

"నాక్కూడ కొంచెం ఉన్నది" అన్నాడు అతను. తలదీపం సర్దుకున్నాడు. "పోతది. కొన్ని దినాలు ఆగు." తన వెంట ఉన్న మనుషులతో కలిసి లోపలికి నడిచాడు. అతను తిరిగి చూస్తాడేమోనని ఆమె కాసేపు నిలబడింది. ముందు దిగుతున్న వాళ్ళను కప్పు చూసుకుంటూ పొమ్మని కేకేస్తూ అతను మలుపు తిరిగిపోయాడు.

ఆ రోజు నుంచి సారవ్వ నల్లా దగ్గరికి యమున వచ్చి వెళ్ళాకే వచ్చేది. వినీత్‌ను ఏడు కాగితాల మీద సంజాయిషీ అడిగారు. అతను గదిలో తలెత్తకుండా పని చేసుకునేవాడు, తన బూట్లు తనే తుడుచుకునేవాడు. ఆమెతో ఒక్క మాట లేదు.

శనివారం ఆఫీసు నుంచి పిలుపొచ్చింది. సిబ్బంది విభాగంలో గుమాస్తా తిరుమల ఆమె ముందు రెండు కాగితాలు పెట్టింది. ఒకటి బదిలీ. సోమవారం నుంచి క్యాంటీనులో డ్యూటీ. రెండోది చార్జిషీటు.

"సదువుకోని సంతకం పెట్టక్కా" అంది తిరుమల, జాలిగా.

యమున వేలు పెట్టి ఒక్కో వరుసా చదివింది. 'ఆరు సంవత్సరములుగా మరమ్మతు గదియందు ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్ విధులు నిర్వర్తించుచున్న శ్రీమతి యమున, మే నెలలో...' అక్కడ ఆగి, మొదటికి వెళ్ళి మళ్ళీ చదివింది.

"గీ కాగితంల మెకానిక్ అని రాసిన్రు?"

"రాయక ఏం జేస్తరక్కా? హెల్పర్ మీద మరమ్మతు తప్పు మోపరాదట. లా సెక్షనోల్లు ఒప్పుకోలే. మెకానిక్ పని చేస్తున్నదని రాస్తెనే కేసు నిలవడ్తదట. కింద మేనేజర్ సారు దస్కతు, మొహరు గూడ ఉన్నయి సూడు."

యమున చూసింది. మొహరు నీలంగా, గుండ్రంగా, ఎక్కడా చెదరకుండా పడింది. పక్కన తేదీ. ఆ కాగితం ఇంటికి తీసుకెళ్ళి చూపించడానికి ఎవరూ లేరు. ఆ సంగతి అప్పుడు, ఆ కుర్చీలో, ఎప్పటికన్నా ఎక్కువ గుచ్చుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగితే కొంగుతో ఒత్తుకుంది. పెన్ను తీసుకుని, తొందరపడకుండా, తన పేరు పూర్తిగా రాసి సంతకం పెట్టింది.

"గీ చార్జిషీటుది ఇంకో కాపీ ఇస్తవా చెల్లె?"

"దీనికి కాపీ ఎందుకక్కా? అందరు బయటికి పోంగనే చింపి పారేస్తరు."

"ఐదో అర్జీకి జతపరచాలె" అంది యమున.